ఉబుంటు 24.04కి మారే ముందు పాత లైబ్రరీలతో జాగ్రత్త

ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 22.04 వెర్షన్‌తో నడిచే సర్వర్లకు మామూలు ఉచిత సపోర్టు 2027 దాకే. ఈలోపు 24.04కి మారక తప్పదు. అప్‌గ్రేడ్ అయ్యాక సర్వర్ బాగానే లేస్తుంది, దాని మీద నడిచే పైథాన్ అప్లికేషన్ మాత్రం లేవదు. చాలాసార్లు కారణం ఒకటే. 22.04లో పైథాన్ 3.10 ఉంటుంది, 24.04లో 3.12. ఈ మధ్యలో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు తయారుచేసేది), ఇంప్ (మాడ్యూళ్లను లోడ్ చేసేది) లాంటి మాడ్యూళ్లను పైథాన్ నుంచి పూర్తిగా తీసేశారు. మన కోడ్‌లో వాటి ఊసే లేకపోవచ్చు. కానీ ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయిన లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

అందుకే ముందు లైబ్రరీలను మార్చండి, ఆ తర్వాతే సిస్టమ్ జోలికి వెళ్లండి. రెండూ ఒకే రాత్రి పెట్టుకుంటే ఏ ఎర్రర్ దేనివల్ల వచ్చిందో తేలదు. పొద్దున్నే యూజర్లు లాగిన్ అయ్యే టైముకి ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

లెక్కల కోసం వాడే నంపై లైబ్రరీనే తీసుకుందాం. అప్లికేషన్‌కి కావాల్సిన లైబ్రరీల లిస్టు ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో నంపై 1.23 అని ఉందనుకోండి. పైథాన్ 3.12 కోసం ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ ఆ వెర్షన్‌కి లేదు. దాంతో లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ అనే టూల్ సోర్స్ కోడ్ తెచ్చి మన సర్వర్ మీదే కంపైల్ చేయబోతుంది. స్క్రీన్ నిండా ఎర్రర్లు వస్తాయి. చివర్లో, 'పీకేజీయుటిల్' మాడ్యూల్‌లో 'ఇంప్‌ఇంపోర్టర్' లేదని ఒక లైన్ ఉంటుంది. అది చూసి పైథానే సరిగా ఎక్కలేదనుకుని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు. పైథాన్ బాగానే ఉంది. ఆ నంపైని బిల్డ్ చేయడానికి పిప్ తెచ్చిన పాత సెటప్‌టూల్స్ (ప్యాకేజీలు బిల్డ్ చేసే లైబ్రరీ), 3.12లో తీసేసినదాన్ని వెతుక్కుంటోంది, అంతే.

విసుగొచ్చి వెర్షన్ నంబర్ తీసేసి ఇన్‌స్టాల్ చేశారనుకోండి, ఈసారి నంపై 2 సిరీస్ దిగుతుంది. అది 2024 జూన్‌లో వచ్చింది. నంపై 1 కోసం కంపైల్ చేసిన పాత ప్యాకేజీలు దానితో పనిచేయవు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

దారి ఈ రెంటి మధ్యలో ఉంది. నంపై 1.26 పైథాన్ 3.10 మీదా నడుస్తుంది, 3.12 మీదా నడుస్తుంది. దాన్ని ఇప్పుడే, 22.04 మీదే పెట్టి టెస్టులన్నీ నడపండి. పాత కోడ్‌లో 'ఎన్‌పీ డాట్ ఫ్లోట్' అని రాసిన చోటల్లా ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే 1.24లో దాన్ని తీసేశారు. అక్కడ మామూలు ఫ్లోట్ అని రాస్తే సరిపోతుంది. టేబుళ్ల డేటాతో పనిచేసే పాండాస్ లైబ్రరీకైతే 2.1.4 ఇలాగే రెండు చోట్లా పనికొస్తుంది. పాండాస్ 1 నుంచి వస్తున్నవాళ్లు డేటాఫ్రేమ్‌కి (పాండాస్ టేబుల్‌కి) అపెండ్ వాడిన చోట్లన్నీ కాన్‌క్యాట్‌గా మార్చుకోవాలి. ప్రతి ముఖ్యమైన లైబ్రరీకీ ఇలా రెండు పైథాన్‌ల మీదా నడిచే వెర్షన్ ఏదో వెతికి రాసిపెట్టుకోండి. కొంచెం ఓపిక కావాలి, కానీ అసలు పని అంతా ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. లైబ్రరీల లోపల వచ్చే డిప్రికేషన్ వార్నింగ్‌లను, అంటే ఇది త్వరలో పోతుందనే హెచ్చరికలను, పైథాన్ మామూలుగా చూపించదు. అందుకే అంతా బాగుందనిపిస్తుంది. పైథాన్ కమాండ్‌లోని డబ్ల్యూ ఆప్షన్‌కి డిఫాల్ట్ అని ఇచ్చి అప్లికేషన్‌ను ఒకసారి నడపండి, దాగి ఉన్నవి బయటికొస్తాయి. దాంతోపాటు లైబ్రరీలుండే సైట్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లో డిస్ట్‌యుటిల్స్ అనే మాట కోసం గ్రెప్ కమాండ్‌తో వెతకండి. సెటప్‌టూల్స్ ఉన్న చోట అది తన సొంత డిస్ట్‌యుటిల్స్‌ను అందిస్తుంది కాబట్టి లోపం బయటపడకపోవచ్చు. 3.12లో కొత్తగా చేసిన వెన్వ్‌లో (ఒక అప్లికేషన్ లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్‌లో) సెటప్‌టూల్స్ దానంతటది రాదు. కావాలంటే మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

అప్‌గ్రేడ్ రోజున సర్వర్ స్నాప్‌షాట్ (ఉన్నదున్నట్టు తీసిన కాపీ), డేటాబేస్ బ్యాకప్ ఎలాగూ తీస్తారు. పిప్ ఫ్రీజ్ కమాండ్ ఇచ్చిన లైబ్రరీల లిస్టును కూడా ఒక ఫైల్‌లో పెట్టి సర్వర్ బయట దాచుకోండి. ఎందుకంటే పాత వెన్వ్ ఇక పనికిరాదు. దానిలోని పైథాన్ లింకు 3.12కి వెళ్తుంది, ప్యాకేజీలేమో 3.10 ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. దాంతో ఏ లైబ్రరీ అడిగినా మాడ్యూల్ లేదనే అంటుంది. రిపేరు చేయాలని చూడకుండా ఆ వెన్వ్ తీసేసి, లిస్టుతో కొత్తది కట్టుకోండి.

ఈ కంగారులోనే సుడో పెట్టి, అంటే అడ్మిన్ అధికారంతో, పిప్ నడపబోతారు. 24.04లో సిస్టమ్ దాన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డు దాటే ఆప్షన్ కూడా ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. దయచేసి దాన్ని వాడకండి. సిస్టమ్ పైథాన్ లింకును పాత వెర్షన్‌కి తిప్పడం ఇంకా ప్రమాదం. ఉబుంటు సొంత టూల్స్ చాలావరకు ఆ పైథాన్ మీదే బతుకుతాయి.

20.04 నుంచి వస్తున్నవాళ్లు 22.04 మీదుగానే రావాలి, నేరుగా కుదరదు. వాళ్లకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 (ఎన్‌క్రిప్షన్ కోసం వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1లోని లైబ్రరీ) దొరకలేదనే ఎర్రర్ ఎదురవ్వచ్చు. ఎక్కడినుంచో పాత డెబ్ ఫైల్ (ఉబుంటు ఇన్‌స్టాల్ ప్యాకేజీ) తెచ్చి ఎక్కించకండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 సెప్టెంబర్‌లోనే ఆగిపోయాయి. ఆ లైబ్రరీని అడుగుతున్న ప్రోగ్రామ్ ఏదో, ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలను చూపించే ఎల్‌డీడీ కమాండ్‌తో పట్టుకుని, దాని కొత్త వెర్షన్ వేయండి.

అంతా నడుస్తోంది కదా అని స్నాప్‌షాట్‌ను వెంటనే తీసేయకండి. వెబ్‌సైట్ తెరుచుకున్నా, నెలకోసారి జీతాల లెక్కలు, రిపోర్టులు తీసే క్రాన్ జాబులు (టైము ప్రకారం వాటంతటవే నడిచే పనులు) ఇంకా ఒక్కసారి కూడా నడిచి ఉండవు. వాటిలో పాత వెన్వ్ పాత్ ఉందేమో చూసి, ప్రతి స్క్రిప్టునూ టెస్ట్ డేటాతో చేత్తో ఒకసారి నడపండి. నెలాఖరు జాబులు సరిగ్గా పూర్తయ్యాకే స్నాప్‌షాట్ తీసేయండి.