ఎసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఐఎన్ఆర్ అదుపులో ఉంచుకోవడం ఎట్లా?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి. ఎడమ పై గదికి ఆనుకుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది మెదడుకు చేరితే పక్షవాతం. దడను తగ్గించే మెటోప్రోలాల్, డిగాక్సిన్ వేరు, రక్తం గడ్డ కట్టనీయని ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మాత్ర వేరు. దడ తగ్గిందని రెండోదాన్ని మానేస్తే ముప్పు అట్లనే ఉంటుంది. ఆ మాత్ర సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష అంకె చెబుతుంది. అంకె పెరిగితే రక్తం కారే ముప్పు, తగ్గితే గడ్డ కట్టే ముప్పు.

ఈ పరీక్షల బాధ లేని కొత్త మందులు ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్ వచ్చాయి కదా అని అడుగుతుంటారు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో మైట్రల్ వాల్వు (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) సన్నబడిన వాళ్లకూ, మెటల్ వాల్వు వేయించుకున్న వాళ్లకూ అవి పనికిరావు. ఆ జ్వరం వల్ల వచ్చే రుమాటిక్ గుండెజబ్బులో రివరాక్సాబాన్ కన్నా పాత మందులే మేలని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది.

మాత్ర సాయంత్రమే, రోజూ ఒకే వేళకు వేసుకోండి. పొద్దున రక్తమిస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరు ఆ రాత్రి డోసే మార్చగలుగుతారు. సొంతంగా మార్చుకోవద్దు. ఐఎన్ఆర్ మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉంటే 2.5 నుంచి 3.5. మొదట్లో కొన్ని రోజులకోసారి, నిలకడ వచ్చాక నాలుగు వారాలకోసారి పరీక్ష. వీలైనంతవరకు ఒకే ల్యాబు. నీలం మూత ట్యూబులో రక్తం గీత దాకా నిండిందో లేదో మీరే చూడండి. తక్కువ పడితే అందులోని సిట్రేటు (రక్తం గడ్డ కట్టనీయని ద్రవం) వంతు ఎక్కువై ఐఎన్ఆర్ లేనిపోని పెద్ద అంకె చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే గడ్డ కడుతుంది.

నోటుబుక్కులో తేదీ, ఐఎన్ఆర్, డోసు రాయండి. 'అర మాత్ర' అని కాదు, మిల్లీగ్రాముల్లో. ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. షాపులో వేరే బలం ఇస్తే అదే అర మాత్ర రెట్టింపు డోసు కావచ్చు. ఒకపూట మరిచిపోతే ఆ రాత్రి లోపల గుర్తొస్తే వేసుకోండి. మరుసటి రోజు గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి మింగొద్దు.

ఆకుకూరలు పూర్తిగా మానాలనేది అపోహ. పాలకూర, తోటకూర, మునగాకులో విటమిన్ కె దండిగా ఉంటుంది, అది మందు బలం తగ్గిస్తుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఎప్పుడూ రెండుసార్లే తినండి. వానలు పడి ఆకు చవగ్గా దొరికినప్పుడు రోజూ పుల్లగూర చేసుకుంటే ఐఎన్ఆర్ పడిపోతుంది. సంగటి, ఊరుబిండితో ఆ చిక్కు లేదు.

అసలు ప్రమాదం నొప్పుల దగ్గర. శెనక్కాయలు పీకి నడుము పట్టేసిందని ఊళ్లో డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. కండలో సూది పడిన చోట రక్తం లోపలే కారి గడ్డలా వాస్తుంది, డైక్లోఫెనాక్ కడుపులో పుండు రేపి రక్తం కక్కిస్తుంది. నొప్పికి పారాసిటమాలే, అదీ రోజుకు 2 గ్రాములు దాటకుండా, వరుసగా వారాల తరబడి కాకుండా. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా దించుతుంది. ఇవి మొదలుపెట్టినా ఆపినా మూణ్నాలుగు రోజుల్లో పరీక్ష చేయించాలి.

నాడి పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. లయ తప్పిన గుండెకు 15 సెకన్ల లెక్కను నాలుగుతో హెచ్చవేస్తే తప్పొస్తుంది. బీపీ మిషన్‌తోనూ మూడుసార్లు చూసి సగటు తీయాలి. కూర్చున్నప్పుడు నాడి 110 దాటినా, 50 లోపు పడి కళ్లు తిరిగినా డాక్టరుకు చెప్పాలి. వాంతులు, కళ్లకు పసుపుగా కనబడడం ఉంటే డిగాక్సిన్ ఎక్కువైందేమో చూపించాలి. అనంతపురం ఎండల్లో నీళ్లు తాగక కిడ్నీలు మందగిస్తే డిగాక్సిన్ ఒంట్లో పేరుకుపోతుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, పడి తలకు దెబ్బ తగిలినా బాగానే ఉందని ఊరుకోవద్దు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. ఆదోని నుంచి కర్నూలుకు చేరడానికే అందులో చాలా భాగం పోతుంది. ఐఎన్ఆర్ 1.7 దాటితే ఆ ఇంజెక్షన్ సాధారణంగా ఇవ్వరు కాబట్టి చివరి మాత్ర ఎప్పుడు వేశారో, ఎన్ని మిల్లీగ్రాములో ముందే చెప్పండి, నోటుబుక్కు వెంట తీసుకుపోండి.