పరుగు కొత్తగా మొదలుపెడుతున్నారా? ఆయాసం తగ్గగానే స్పీడ్ పెంచకండి

పరుగు మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఒకటే, మీ ఊపిరి చెప్పే మాట అప్పుడే నమ్మకండి. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గుతుంది, ఇంకో రెండు కిలోమీటర్లు లాగేయొచ్చు అనిపిస్తుంది. కానీ గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడినంత తొందరగా ఎముకలు, కండరాల్ని ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు అలవాటు పడవు, వాటికి నెలలు కావాలి. మోకాలి కింద ఎముక వెంబడి వచ్చే షిన్ స్ప్లింట్స్ నొప్పి చాలామందిని పట్టుకునేది ఈ హుషారులోనే.

అందుకే, పరుగు అలవాటు లేనివాళ్లను మెల్లగా 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే కౌచ్ టు 5కే పద్ధతి నాకు ఇష్టం. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు, 9 వారాలు, వారానికి 3 రోజులే. మొదటి వారం 5 నిమిషాలు చకచకా నడిచి, తర్వాత 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది, అవును, ఇంతే. రెండో వారం 90 సెకన్ల పరుగు, 2 నిమిషాల నడక. అలా పెరుగుతూ పోయి ఐదో వారం మూడో రోజున ఆగకుండా 20 నిమిషాలు పరిగెత్తమంటుంది, అంతకు ముందు పరుగు రోజున చేసింది మధ్యలో నడకతో 8 నిమిషాల పరుగు రెండుసార్లే కాబట్టి ఇక్కడ అందరికీ టెన్షన్ వస్తుంది. మీ వల్ల కాకపోతే ఆ వారం మళ్లీ చేయండి, అవసరమైతే మూడోసారి కూడా చేయండి, తొమ్మిది వారాల్లోనే ముగించాలని ఎవరూ పట్టుబట్టరు. మధ్యలో వచ్చే ఖాళీ రోజుల్ని మాత్రం పరుగుతో నింపొద్దు.

స్పీడ్ ఎంత అంటే, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. రెండు మాటలకే రొప్పు వస్తే తగ్గించండి, వేగంగా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోయినా పర్వాలేదు.

సిమెంటు రోడ్డు కంటే స్కూలు గ్రౌండ్ మట్టి కాళ్లకు మేలు. విశాఖలో ఉంటే తెల్లవారుజామున వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు ఉండనే ఉంది. మన ఎండాకాలంలో ఆరులోపే ముగించేయండి. కోస్తాలో అయితే గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, నిన్నటి స్పీడ్‌కే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, అలాంటి రోజు నెమ్మదిగా వెళ్లడమే సరైన పని.

డబ్బు పెట్టాల్సింది బూట్ల మీదే. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేలా చూసుకోండి.

నొప్పుల విషయం శ్రద్ధగా చదవండి. రెండు తొడలూ, రెండు పిక్కలూ పట్టేసి రెండు మూడు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒకే కాలిలో, వేలితో నొక్కి చూపించగలిగే ఒకే చోట నొప్పి ఉండి, నడకలో కుంటు వస్తుంటే పరుగు ఆపేయాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు అసలు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లకు పరుగులో షుగర్ పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం వస్తే ఆ క్షణమే ఆగి సాయం అడగండి, ఇందులో మొహమాటం వద్దు.

ఒంటరిగా కుదరకపోతే ఒక తేదీ పెట్టుకోండి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 5 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. దానికి వెళ్లాలనుకుంటే జూన్ మొదట్లోనే మొదలుపెట్టండి, ఒకటి రెండు వారాలు మళ్లీ చేయాల్సి వచ్చినా టైం సరిపోతుంది.