ఎగుమతి సరుకుపై అనుకోని సుంకం: తేడా ఎక్కడొచ్చింది, ఏం చేయాలి?

"డ్యూటీ ఇంత పడిందేంటి?" అని అవతలి దేశం నుంచి మెసేజ్ రాగానే చాలామంది టెన్షన్ పడి ధర తగ్గించేస్తారు. తొందరపడకండి. ముందు అక్కడి క్లియరెన్స్ ఏజెంటు నుంచి దిగుమతి డిక్లరేషన్ కాపీ తెప్పించుకోండి. హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే అంకెల సంకేతం), విలువ, మూలదేశం (సరుకు తయారైన దేశం), రేటు అందులో విడివిడిగా ఉంటాయి.

మనం చూసిన రేటు ఒకటి, వాళ్లు వేసింది ఒకటి

ఎక్కువసార్లు కారణం కోడే. అందులో మొదటి 6 అంకెలే దేశాలన్నిటికీ ఉమ్మడి. మన షిప్పింగ్ బిల్లులో (ఎగుమతి కోసం కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) 8 అంకెలుంటాయి, అమెరికాలో 10. గుంటూరు మిర్చినే తీసుకోండి. ఎండు మిరపకాయలు 0904.21, ఆడించిన కారం 0904.22. ఆ కారంలోనే ఉప్పు, వెల్లుల్లి, జీలకర్ర కలిపి పంపితే 2103.90 కిందికి పోవచ్చు. ఇన్‌వాయిస్‌లో "చిల్లీ పౌడర్" అని రాసి, ప్యాకెట్ మీద ఉప్పు, వెల్లుల్లి అచ్చేస్తే అధికారికి అనుమానం రాక మానదు. ఏమేం కలిపారో శాతాలతో సహా ఇన్‌వాయిస్‌లో రాయండి. ఎప్పుడూ పంపే సరుకైతే కొనుగోలుదారు చేత ముందే అడ్వాన్స్ రూలింగ్ (సరుకు ఏ కోడ్ కిందికి వస్తుందో అక్కడి కస్టమ్స్ ముందే రాసిచ్చే నిర్ణయం) తీయించండి. ఐరోపా యూనియన్‌లో అది 3 ఏళ్లు చెల్లుతుంది. ఇంతకు మించిన రక్షణ లేదని నా నమ్మకం.

సుంకాల పట్టికలో సున్నా ఉన్నా డబ్బు కట్టాల్సి వచ్చిందా? యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ఎగుమతి దేశం ఇచ్చే సబ్సిడీకి విరుగుడుగా వేసేది) డ్యూటీలు చూడండి. మన రొయ్యలకు అమెరికాలో ఇవి రెండూ మామూలు సుంకంతో సంబంధం లేకుండా పడతాయి.

రేటు సరిగ్గానే ఉంది, మొత్తం ఎక్కువైంది

అమెరికా ఎఫ్‌ఓబీ విలువ (ఓడ కిరాయి, బీమా కలపని ధర) మీద లెక్కగడుతుంది. ఐరోపా, బ్రిటన్ ఓడ కిరాయి, బీమా కూడా కలుపుతాయి. ఆపైన వ్యాట్. కొటేషన్ ఇచ్చేటప్పుడే ఇది లెక్కలో ఉండాలి.

ఒప్పందం ఉన్నా రాయితీ రాలేదు

యూఏఈతో వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉంది. అయినా రాయితీ దానంతటదే రాదు. ఆ ఒప్పందం పేరున ప్రిఫరెన్షియల్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సుంకం రాయితీకి పనికొచ్చే మూలదేశ ధ్రువపత్రం) ఉండాలి. నాన్ ప్రిఫరెన్షియల్‌ది సరుకు ఎక్కడిదో చెబుతుంది తప్ప పైసా తగ్గించదు. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడు ఏది ఎంచుకున్నారో చూసుకోండి. సరుకు వెళ్లిపోయినా ఆశ వదులుకోకండి: రవాణా తర్వాత కూడా సర్టిఫికెట్ ఇచ్చే వీలు కొన్ని ఒప్పందాల్లో ఉంది.

సరుకు ఓడలో ఉండగానే రేటు మారింది

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై అదనపు సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచింది. ఆ తేదీకి ముందే ఓడెక్కి, సెప్టెంబర్ 17లోపు అక్కడ క్లియరైన సరుకుకు ఆ పెంపు నుంచి మినహాయింపు దక్కింది. అందుకే బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఓడెక్కించుకున్నట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) లోడింగ్ తేదీ ఆధారాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

డ్యూటీ ఎవరు కట్టాలో తేలక సరుకు పోర్టులో ఆగింది

ఆర్డరులో డీడీపీ (సుంకం కట్టి సరుకు చేర్చడం) అని ఒప్పుకుంటే భారం మనదే, డీఏపీ (సుంకం కట్టకుండా చెప్పిన చోటికి చేర్చడం) అయితే కొనుగోలుదారుదే. చిన్న ఎగుమతిదారులు డీడీపీకి ఒప్పుకోకపోవడమే మేలు. ఒప్పుకోక తప్పకపోతే, రేటు పెరిగినప్పుడు ఆ తేడా ఎవరు భరించాలో ఆర్డరులోనే రాయించుకుని సంతకాలు తీసుకోండి.