క్షయ మందుకు కొత్త గురి వెతకడం: ముందు చూసుకోవలసింది బ్యాక్టీరియా తిండి

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివే విద్యార్థులు చాలామంది సిస్టమ్స్ బయాలజీకి (కణంలోని చర్యలన్నిటినీ కలిపి లెక్కకట్టి చూసే శాస్త్రానికి) పెద్ద ప్రయోగశాల ఉండి తీరాలనుకుని ఆ ప్రాజెక్టు జోలికే వెళ్లరు. నిజానికి క్షయ బ్యాక్టీరియాలో మందు గురిపెట్టి దెబ్బతీయగల ఎంజైములను వెతకడానికి మామూలు ల్యాప్‌టాప్, పైథాన్ ప్రోగ్రామింగ్ కొంత వస్తే చాలు.

ఈ పద్ధతి మన కాలువల లెక్క లాంటిదే. సోమశిల నుంచి పెన్నాలోకి వదిలిన నీరు సంగం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. ఒక తూము మూస్తే, వేరే దారిన నీరందే పొలానికి నష్టం లేదు. ఆ తూమే దిక్కయిన చివరి ఆయకట్టు మాత్రం ఎండిపోతుంది. కణంలో తూము ఎంజైము, దాన్ని తెరిచేది జన్యువు. మూస్తే ఎదుగుదల ఆగిపోయే జన్యువే మనకు కావాలి.

ముందుగా కోబ్రాపై అనే ఉచిత పైథాన్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, బిగ్ (BiGG) అనే డేటాబేస్ నుంచి క్షయ బ్యాక్టీరియా జీవక్రియను లెక్కగా చూపే ఐఎన్‌జే661 మోడల్‌ను దించుకోవాలి. క్షయ బ్యాక్టీరియా జన్యుక్రమం 1998లో వెలువడింది. అందులోని దాదాపు 4,000 జన్యువుల్లో జీవక్రియకు చెందిన 661 జన్యువులతో 2007లో ఈ మోడల్‌ను నిర్మించారు. బయోమాస్ (కణం ఎదగడానికి కావలసిన పదార్థాల మొత్తం) ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టి ఒకసారి నడిపి, వచ్చిన ఎదుగుదల రేటును రాసిపెట్టుకోవాలి.

తొందరపడి ఇక్కడే జన్యువులను తొలగించడం మొదలుపెట్టకూడదు. మోడల్‌కు ఏ తిండి ఇచ్చారన్నదాన్ని బట్టే ఏ జన్యువు ప్రాణాధారమో తేలుతుంది. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గ్లిసరాల్ ఉన్న ప్రయోగశాల మీడియంలో క్షయ బ్యాక్టీరియాను బాగా చంపిన పిరిమిడిన్-ఇమిడజోల్ అణువులు ఎలుకల్లో పనిచేయలేదు. వాటి ప్రభావమంతా గ్లిసరాల్ జీవక్రియ మీదే ఆధారపడి ఉండగా, ఊపిరితిత్తుల్లోని బ్యాక్టీరియా ప్రధానంగా కొవ్వు ఆమ్లాలు, కొలెస్ట్రాల్ మీద బతుకుతుంది. అందువల్ల గ్లిసరాల్ ప్రవేశాన్ని సున్నా చేసి, కొవ్వు ఆమ్లాలను తెరిచి మళ్లీ నడపాలి. కొలెస్ట్రాల్ వాడుకునే దారి మోడల్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చిన విస్తృత మోడల్ తీసుకోవడం మేలు.

అప్పుడు ఒక్కొక్క జన్యువును తొలగిస్తూ, ఆ తర్వాత జంటలుగా తొలగిస్తూ ఎదుగుదలను కొలవాలి. జంటలు తప్పనిసరి అని నా అభిప్రాయం. కొవ్వుల మీద బతకడానికి కావలసిన ఐసోసిట్రేట్ లయేజ్ ఎంజైముకు ఈ బ్యాక్టీరియాలో ఐసీఎల్1, ఐసీఎల్2 అని రెండు జన్యువులున్నాయి. ఒకటి పోయినా రెండోది ఆదుకోగలదు కనుక విడివిడిగా చూస్తే ఈ గురి కనబడకుండా పోవచ్చు.

ఫలితాన్ని తెలిసిన మందులతో సరిచూడాలి. ఐసోనియాజిడ్ గురి అయిన ఇన్‌హెచ్‌ఏ జాబితాలో కనిపించకపోతే, ఆ ఎంజైము తయారీలో పాలుపంచుకునే, బ్యాక్టీరియా కణగోడలోని మైకోలిక్ ఆమ్లాలు బయోమాస్ సమీకరణంలో ఉన్నాయేమో వెతకాలి. రిఫాంపిసిన్ గురి ఆర్‌పీఓబీ కనిపించకపోవడం మాత్రం తప్పు కాదు, ఎందుకంటే అది ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే యంత్రాంగంలోని భాగం, ఇది జీవక్రియ మోడల్. ఐసోనియాజిడ్‌ను చురుకుగా మార్చే క్యాట్‌జీ దెబ్బతింటే మందుకు నిరోధకత వస్తుంది. అలాంటి సంగతులను ఈ లెక్క చెప్పదు.

మిగిలిన జన్యువుల ప్రోటీన్లను బ్లాస్ట్ అనే క్రమాల పోలిక సాధనంతో మానవ ప్రోటీన్లతో పోల్చి, మందు మనిషికీ హాని చేయకుండా, దగ్గరి పోలిక ఉన్నవాటిని పక్కన పెట్టాలి. జన్యువుల్లోకి డీఎన్‌ఏ ముక్కలు దూర్చి వాటిని పాడుచేసి చూసే ట్రాన్స్‌పోజాన్ ప్రయోగాల్లోనూ ప్రాణాధారమని తేలినవాటికి ముందు వరుస ఇవ్వాలి. పట్టికలో ప్రతి జన్యువు పక్కన అది ఏ తిండి మీద తేలిందో ఒక గడిలో రాసి, గ్లిసరాల్ మీద మాత్రమే తేలినదాన్ని ల్యాబుకు పంపకుండా ఆపాలి.