లైవ్ గాస్పెల్‌ని మనసారా వినాలంటే

గాస్పెల్, అంటే అమెరికా నల్లజాతి చర్చిల్లో పాడే భక్తి సంగీతం, లైవ్‌లో వినడానికి వెళ్తే చేతులు కట్టుకుని కూర్చోకండి, లీడ్ సింగర్ ఒక లైన్ పాడి వదిలితే క్వయర్ (వెనక పాడే బృందం) అందుకుంటుంది, ఆ జవాబులో జనానికీ వాటా ఉంటుంది కాబట్టి మీరూ గొంతు కలపండి. చప్పట్లు ఎక్కువగా నాలుగు బీట్లలో 2, 4 మీద పడతాయి, ముందు అది పట్టుకోండి.

అసలు గుండె కదిలేది పాట చివర్లో వచ్చే వ్యాంప్‌లో, ఒకే మాటని మళ్లీ మళ్లీ పాడుతూ శ్రుతిని కొంచెం కొంచెం పైకి తీసుకెళ్తారు, వెనకాల హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాయిద్యం కూడా మనిషి గొంతులా ఏడుస్తుంది, కన్నీళ్లొస్తే రానివ్వండి, అక్కడ మాత్రం ఫోన్ తీయొద్దు ప్లీజ్.

వెళ్లేముందు చెవి అలవాటవ్వాలంటే గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1972లో లాస్ ఏంజెలెస్ చర్చిలో గాస్పెల్ గాయకుడు జేమ్స్ క్లీవ్‌లాండ్‌తో కలిసి చేసిన లైవ్ రికార్డింగ్ పెట్టుకోండి, జనం కేకలు కూడా అందులో సంగీతమే.