సగం మంది క్లాసులో, సగం మంది ఆన్‌లైన్‌లో ఉంటే పాఠం ఎలా చెప్పాలి?

వాన గట్టిగా పడిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ట్యూషన్‌కు సగం మందే రాగలుగుతారు. మిగతా పిల్లలు ఇంటి నుంచే ఫోన్లో చేరతారు. 2020 నుంచి ఇలా రెండు పక్కలా ఫిజిక్స్ చెబుతున్నాను. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెడితే చాలు, ఆన్‌లైన్ క్లాస్ అయిపోయినట్టే అనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇంట్లో ఉన్న పిల్లకి ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

1. ల్యాప్‌టాప్, స్టాండుకు బిగించిన ఫోన్, కాలర్ మైక్ ఉంటే చాలు. వైఫై పోతే వాడుకోవడానికి ఇంకో ఫోన్లో డేటా ఉంచుకోండి.

2. ఫోన్ కెమెరాను బోర్డు వైపు తిప్పండి. చాక్‌పీసు బోర్డే వాడాలి. వైట్‌బోర్డు మీద ట్యూబ్‌లైటు మెరిసి సగం లెక్క కనిపించదు.

3. అందరూ బోల్తా పడేది శబ్దం దగ్గరే. గదిలో ఒకే మైక్, ఒకే స్పీకర్ ఆన్‌లో ఉండాలి. కెమెరా ఫోన్లో రెండూ ఆపేయండి. పిల్లల ఫోన్లు బ్యాగుల్లోనే ఉండాలి. రెండో ఫోన్ ఆన్‌లో ఉంటే దాని స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి, తిరిగి తిరిగి కూతలా మారుతుంది.

అంతా సరిచేశాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని మనమే పాఠం చెబుతాం. మన కాలర్‌కున్న మైక్‌కు చివరి బెంచీ ప్రశ్న ఎలా అందుతుంది? ఒకసారి పది నిమిషాలు ఒక డౌటు వివరించాక, ఉప్పల్ నుంచి చేరిన అమ్మాయి చాట్‌లో "సార్, ప్రశ్న ఏంటి?" అని రాసింది. ఆ రోజు నుంచి క్లాసులో ఎవరు ఏమడిగినా, ముందు ఆ ప్రశ్నను నా నోటితో పూర్తిగా చెప్పి, తర్వాతే జవాబు మొదలుపెడుతున్నాను. మైక్‌ను బెంచీల వెంట తిప్పే పద్ధతి వద్దు. మైక్ చేతికొచ్చేసరికి బిడియం ఉన్న పిల్లలు అడగడమే మానేస్తారు.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి చానల్, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్ ద్వారా బడిపిల్లలకు పాఠాలు వచ్చాయి. బడులు మూసిన కాలంలో అవి ఎంతో ఆదుకున్నాయి. కానీ టీవీ ముందు కూర్చున్న పిల్లకి మధ్యలో ఆపి అడిగే వీలుండదు. మన దగ్గర అడగగలదు, ఆ వీలు పోగొట్టవద్దు.

4. ప్రశ్న వేసినప్పుడు ముందు ఆన్‌లైన్ పిల్లల్ని పేరు పెట్టి పిలవండి. వాళ్లకు మన మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, మైక్ ఆన్ చేసుకోవడానికీ టైం పడుతుంది. మనసులో పది లెక్కపెట్టేదాకా క్లాసులోవాళ్లను జవాబు చెప్పనివ్వకండి.

5. రికార్డింగ్ లింకు ఆ రాత్రే గ్రూపులో పెట్టండి.