వానలు మొదలవకముందే: మందుల్లేని పెరట్లో కూడా జాగ్రత్తపడాల్సినవి

పెరట్లో మందులు కొట్టకుండా కూరగాయలు పండించుకునేవాళ్లకి ఒక ధీమా ఉంటుంది. మన దగ్గర విషమే లేదు కదా, ఇంక భయమేంటి అని. నాకూ ఉండేది. ఒక ఏడాది తొలకరికి ముందు పేడ ఎరువుని చేతులతోనే మడుల్లో కలుపుతున్నాను. పక్కనే పాదుకి లేత కీరదోసకాయ కనబడింది. తెంపి, చొక్కాకి తుడుచుకుని, అక్కడే నిలబడి తినేశాను. తర్వాత మూడు రోజులు మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే గడిచింది. కాయ వల్లే వచ్చిందని రుజువు చేయలేను కానీ, ఆ చొక్కా మీద పేడ మరకని ఉతికింది నేనే కాబట్టి నా అనుమానం నాకుంది.

సేంద్రియం అంటే రసాయన ఎరువులు, రసాయన మందులు వాడలేదని. అంతవరకే. మట్టిలో, పేడలో, మనం ఇంట్లో కాచుకునే కషాయాల్లో ఉండే ప్రమాదాలకి దానితో సంబంధం లేదు. 2011లో జర్మనీలో ఈ-కోలై అనే బ్యాక్టీరియా సోకి 50 మందికి పైగా చనిపోయారు. అది ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే ఒక సేంద్రియ క్షేత్రంలో మొలకెత్తించిన మెంతి గింజల దగ్గర తేలింది. వానాకాలంలో ఈ ప్రమాదాలన్నీ ఒక మెట్టు పైకెక్కుతాయి. నీళ్లు అన్నిటినీ అన్నిచోట్లకీ మోసుకెళ్తాయి కాబట్టి.

ముందు ఎరువు సంగతి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

పచ్చి పేడ వేరు, చివికిన ఎరువు వేరు. పైన ఎండి పొడిగా కనబడినంత మాత్రాన చివికినట్టు కాదు. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో దీనికి స్పష్టమైన లెక్క ఉంది. తినే భాగం నేలకి తగిలే పంటలైతే, అంటే ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ లాంటివైతే, పచ్చి పేడ మట్టిలో కలిపిన రోజు నుంచి కోతకి కనీసం 120 రోజులు ఆగాలి. నేలకి తగలని కాయలకి 90 రోజులు. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది. కాబట్టి వానలకి ముందు పచ్చి పేడ వేసి తోటకూర చల్లడం అనేది ఏ లెక్కనా కుదరదు. వేయాల్సిందే అనుకుంటే ఆ మడిలో ఈసారికి తినేవి ఏవీ పెట్టకుండా వదిలేయండి.

కంపోస్ట్ అయితే ఈ గడువు అక్కర్లేదు, కానీ అది నిజంగా కాగి ఉండాలి. వరుసగా పోసిన కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా 15 రోజులు ఉండాలి, ఆ రోజుల్లోనే కనీసం 5 సార్లు తిరగెయ్యాలి. తిరగెయ్యడం ఎందుకంటే వేడి మధ్యలోనే ఉంటుంది. అంచున ఉన్నది చల్లగా, క్రిములతో సహా, అలాగే ఉండిపోతుంది. పొడవు కాడ ఉన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే నిశ్చింత. లేకపోతే ఒక ఇనప చువ్వ కుప్ప నడుముకి దించి పావుగంట తర్వాత లాగి పట్టుకోండి. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే కుప్ప పనిచేస్తోంది. గోరువెచ్చగా ఉంటే అది ఉత్త చెత్తకుప్ప. కుక్క, పిల్లి పెంటలు మాత్రం ఎంత కాగే కుప్పలోనైనా వెయ్యకండి. వాటిలోంచి మనుషులకి అంటే పరాన్నజీవుల జోలికి ఇంటి కంపోస్ట్‌తో పోవడం మంచిది కాదు.

కుప్ప ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. వానలు రాకముందే ఒక చిన్న పని చేయండి. కుప్ప పక్కన రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి అవి ఎటు పోతున్నాయో చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ నీళ్లు వంకర తిరిగి, గట్టు దాటి, నేరుగా పాలకూర మడిలోకి పోయాయి. మూడేళ్లుగా అదే జరుగుతోందన్నమాట. నేల చదునుగానే ఉందనుకుంటాం, నీళ్లకి తెలుస్తుంది వాలు. కుప్ప ఎప్పుడూ మడులకీ బావికీ దిగువన ఉండాలి. జరపడం కుదరకపోతే దాని చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, పైన పట్టా కప్పండి.

వాన చినుకు చేసే ఇంకో పని ఉంది. నేలమీద పడి, మట్టిని పైకి చిమ్ముతుంది. జోరు వాన తర్వాత పాలకూర ఆకుల అడుగు తిప్పి చూడండి, సన్నటి మట్టి చుక్కలు దద్దుర్లలా అంటుకుని ఉంటాయి. తెగుళ్లూ అలాగే ఎక్కుతాయి, పేడలోని క్రిములూ అలాగే ఎక్కుతాయి. మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి పరిస్తే ఈ చిమ్మడం చాలావరకు ఆగుతుంది.

ఆ గడ్డి ఎక్కడిదో కూడా అడగాలి. అమినోపైరాలిడ్ అనే కలుపు మందు గడ్డి మైదానాల్లో కొడతారు. గడ్డి చావదు, వెడల్పాకు మొక్కలే చస్తాయి. ఆ గడ్డి తిన్న పశువుకి ఏమీ కాదు, మందు మాత్రం పేడలోకి వచ్చేస్తుంది. కుప్పలో కూడా తొందరగా విరగదు. 2008లో బ్రిటన్‌లో ఇలాంటి పేడ వల్ల పెరటి తోటలు బోలెడు పాడైతే ఆ మందు అమ్మకం కొన్నాళ్లు ఆపేశారు. మన ఎరువులో అది ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మూడు కుండీల్లో మామూలు మట్టి, ఇంకో మూడింట్లో మట్టితో కలిపిన ఆ ఎరువు నింపి అన్నిట్లో చిక్కుడు గింజలు పెట్టండి. మూడు వారాలు ఆగండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, చివర్లు మెలితిరిగితే ఆ ఎరువు తోటలోకి రానివ్వకండి. వానల ముందు మూడు వారాలు ఆగడం ప్రాణం మీదకొస్తుంది, తెలుసు. తర్వాత ఒకటి రెండేళ్లు టమాటా పండకపోవడం కంటే అదే నయం.

ఇక ఒళ్లు.

ధనుర్వాతం సూది పదేళ్లకోసారి వేయించుకోవాలని అందరికీ తెలుసు, చివరిసారి ఎప్పుడు వేయించుకున్నామో మాత్రం ఎవరికీ గుర్తుండదు. వానలకి ముందు ఆ తేదీ వెతకండి. మట్టి, పేడ అంటిన గాయమైతే అయిదేళ్లు దాటినా డాక్టరు మళ్లీ వేయమంటారు.

షుగర్ ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. ఉష్ణమండలపు తడి నేలల్లో మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. 1911లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్మోర్ అనే వైద్యుడు మొదట గుర్తించాడు. వానాకాలంలో అది మట్టి పైకి తేలినప్పుడు కేసులు పెరుగుతాయి. కాలి పగుళ్లు, చిన్న గీతలు చాలు లోపలికి పోవడానికి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, షుగర్, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. మామూలు జ్వరంలానో, న్యుమోనియాలానో కనబడుతుంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్తే "మట్టి పని చేస్తున్నాను" అని మీరే చెప్పాలి. వాళ్లు అడగకపోవచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కీ ఇదే మాట. రెండిటికీ ముందు జాగ్రత్త ఒకటే: గంబూట్లు, చేతికి రబ్బరు తొడుగులు, పుండ్ల మీద నీళ్లు పోని కట్టు. గంబూట్లలో కాలు పెట్టేముందు తలకిందులు చేసి దులపండి, వానాకాలంలో అందులో ఏం కాపురం ఉంటుందో చెప్పలేం. కుప్పని కూడా చేత్తో కాక పొడవు కాడ ఉన్న పంగల పారతో కదపండి. వెచ్చగా ఉంటుందని పాములు అక్కడ చేరతాయి.

కొన్న కుండీ మట్టి సంచి విప్పేటప్పుడు మొహం దగ్గర పెట్టుకుని చింపకండి. లెజియోనెల్లా లాంగ్‌బీచీ అనే క్రిమి ఆ పొడిలో ఉండి, ధూళితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దీని కేసులు ఏటా వస్తూనే ఉంటాయి. మాస్క్ పెట్టుకుని, కాస్త నీళ్లు చిలకరించి, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి విప్పండి.

కషాయాల దగ్గరికి వద్దాం. వానలు పడగానే పేనుబంక, బూజు వస్తాయని ముందే సీసాల్లో నింపి పెట్టుకుంటారు చాలామంది. అందులో నేను పూర్తిగా మానేయమని చెప్పేది పొగాకు కషాయం. ఆకు నుంచి వచ్చింది కదా అని దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకి తల తిరిగి వాంతులయ్యేది అందుకే. అమెరికా సేంద్రియ నిబంధనల్లో ప్రకృతి నుంచి వచ్చినా వాడకూడని వాటి జాబితా ఒకటుంది. అందులో ఆర్సెనిక్, స్ట్రిక్నిన్‌ల పక్కనే పొగాకు పొడి కూడా ఉంది. పైగా పొగాకు మొజాయిక్ వైరస్ టమాటాకీ మిరపకీ అంటుకుంటుంది. పురుగు పోయి తెగులొస్తుంది.

వేపనూనె మంచిదే, వాడండి. ఎప్పుడు వాడాలన్నదే పేచీ. ఒకసారి నేను మిట్టమధ్యాహ్నం చిక్కుడు పందిరి మీద కొట్టాను. రెండు రోజుల్లో ఆకుల అంచులు వేయించిన అప్పడంలా గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పెళపెళలాడాయి. ఎండకి ఆకు మాడుతుంది, నూనెలోని పనిచేసే పదార్థం కూడా ఎండకే విరిగిపోతుంది. సాయంత్రం, తేనెటీగలు గూటికి చేరాక, ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు చూసి, అప్పుడు మొక్కంతా కొట్టండి. సీసా పిల్లలకి అందనిచోట పెట్టండి. వేపనూనె లోపలికి పోయిన పసిపిల్లలకి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏ కషాయమూ కూల్‌డ్రింక్ సీసాలో నిలవ చేయకండి, ఒక్క రోజుకైనా సరే.

బూజుకి వాడే గంధకం పొడి 32 డిగ్రీల వేడి దాటిన రోజు చల్లకూడదు, నూనె కొట్టిన రెండు వారాల లోపూ చల్లకూడదు, రెండూ కలిస్తే ఆకు కాలుతుంది. సున్నం-గంధకం ద్రావణం ఉన్న పాత్రలో వెనిగర్ లాంటి పులుపు ఏదీ పడనివ్వకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంలోని రాగి నేలలోంచి ఎక్కడికీ పోదు, ఏటికేడాది పేరుకుంటుంది. వానపాములకి అది పడదు. వాన రాబోతోందని తెలిసి ఏదీ కొట్టకండి. శ్రమ వృథా, కాలువలో చేపలకి ఆపద.

ఆఖరుగా, తోటలో కూరగాయల పక్కన ఉండే కూరగాయలు కానివి. ఉమ్మెత్త, ఆముదం, గన్నేరు లాంటివి ఒక్కో పెరట్లో ఒక్కో కారణంతో ఉంటాయి. వద్దనను. ఆకుకూరల మడికి ఆనుకుని మాత్రం ఉంచకండి. వానాకాలంలో వాటి మొలకలు ఎక్కడపడితే అక్కడ లేస్తాయి, చిన్నప్పుడు అన్ని ఆకులూ ఒకేలా ఉంటాయి. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలో దుకాణాల్లో కొన్న లేత పాలకూర తిని చాలామందికి చూపు మసకబారి, గుండె దడ పుట్టి, లేనివి ఉన్నట్టు కనబడ్డాయి. పాలకూరలో ఉమ్మెత్త జాతి కలుపు మొక్క కలిసిపోయింది. పెద్ద పొలాల్లో యంత్రంతో కోసేటప్పుడు ఇలా జరగొచ్చు. మనం చేత్తో కోస్తాం కాబట్టి ఒక్కో కాడా చూసి కోయగలం. వానలో, చీకటి పడుతుంటే, గుప్పెళ్లతో పీకితే మాత్రం యంత్రానికీ మనకీ తేడా లేదు.

వరద నీళ్లు, మురుగు నీళ్లు మడుల్లోకి వస్తే ఆకుకూరలు కడిగి వండుకుందామని చూడకండి. పారేయండి. ఉత్త వాన నీళ్లు నిలిచినదానికి ఇంత కంగారు అక్కర్లేదు.

ఇంకొకటి, దాచిన విత్తనాలు. అందానికి పెంచే చేదు గుమ్మడి జాతి తీగలు పక్కనుంటే తేనెటీగలు వాటి పుప్పొడిని గుమ్మడి జాతి కూర పాదులకి మోస్తాయి. ఈ ఏడు కాయకి ఏమీ కాదు. ఆ కాయ గింజలు దాచి వచ్చే ఏడు వేస్తేనే చేదు బయటపడుతుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం, వండినా పోదు. 2015లో జర్మనీలో 79 ఏళ్ల ఒకాయన పెరట్లో పండిన ఇలాంటి కాయ కూర తిని చనిపోయాడు. దాచిన గింజల పాదు కాపుకొచ్చినప్పుడు ప్రతి కాయా కోయగానే కొస నుంచి చిన్న ముక్క నాలికకి తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి నోరు కడుక్కోండి. ఆ కాయని కంపోస్ట్ కుప్పలో కూడా వేయకండి, గింజలు మళ్లీ మొలుస్తాయి.